నలభై ఒకటో నిమిషంలో ఆగే అత్తగారు

ఈ వృత్తాంతం చెప్పినవాడు ఒక టీవీ మెకానిక్. అతడు కళ్ళారా చూసింది చివరి అరగంట మాత్రమే. అంతకు ముందుదంతా ఆ ఇంటి కోడలు వంటగది గుమ్మం దగ్గర నిలబడి అతనికి గుసగుసగా చెప్పింది. కాబట్టి ఇందులో సగం సాక్ష్యం, సగం వినికిడి. ఉప్పూకారం చల్లకుండా, విన్నది విన్నట్టే అందించడమైనది.

నాలుగో అంతస్తులోని ఆ ఇంటి హాలుకు చెడ్డపేరు వచ్చి అప్పటికి రెండు నెలలు. ఒక గోడకు ఎదురుగా కూర్చోవడానికి ఎవరికీ గుండె చాలేది కాదు. పనిమనిషి దాన్ని చెయ్యి చాచి, మొహం తిప్పుకుని తుడిచేది. ఆ గోడ మీద ఉన్నది — అరవై అయిదు అంగుళాల స్మార్ట్ టీవీ.

దెయ్యాలకు అర్ధరాత్రి ఇష్టమంటారు. ఇది మర్యాద తెలిసిన దెయ్యం. భోజనాలయ్యాక, ఎనిమిదిన్నరకల్లా వచ్చేసేది.

ఆ ఇంటి పెద్ద, టెలిఫోన్ శాఖలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి రిటైరైన ఇంజినీరుగారు. భార్య పోయి ఏడాది. పోవడానికి మూడు వారాల ముందు ఆవిడను పార్కుకు తీసుకువెళ్ళి, తన కెమెరాలో ఉన్న అత్యధిక నాణ్యతతో ఒక సినిమా తీశారు. నలభై రెండు నిమిషాలు. ఆవిడ నడుస్తుంది, నవ్వుతుంది, కోడలి మీద ఒక చురక వేస్తుంది. నలభై ఒకటో నిమిషం ఆఖర్న ఫౌంటెన్ ముందు నిలబడి, ఇటు తిరిగి, చెయ్యి పైకెత్తి, నోరు తెరుస్తుంది...

అంతే. ఆగిపోతుంది.

ఒక కుదుపు... మళ్ళీ ఆగడం... మరో కుదుపు. గొంతులోంచి ముక్కలైన శబ్దం. ఆపైన, ఆవిడ నుదుటి మీద ఒక తెల్లటి చక్రం గిరగిరా తిరగడం —

రోజూ అక్కడే. దాటించబోతే ఏకంగా సినిమాయే అయిపోయేది. ఆ సినిమాను కెమెరాలోంచి తీసి దాచింది, తెరలేని ఒక నల్ల డబ్బాలో. చెడిపోతుందన్న భయంతో, దాన్ని టీవీకి తప్ప మరి దేనికీ కలపకూడదని ఇంజినీరుగారి ఆజ్ఞ.

ఆ రోజు ఆవిడ ఏమన్నదో ఆయనకు గుర్తులేదు. కెమెరాలోకి చూసేవాడికి చెవులు పనిచేయవు. అందులో ఆవిడ అన్న ఆఖరి మాట అది. ఆ ఒక్క మాట వినడానికే అంత పెద్ద టీవీ కొన్నారు.

"ఏమండీ... ఆ చెయ్యి నన్నే చూపిస్తోంది," అంది కోడలు భర్త చెవిలో.

కుర్చీ మార్చి కూర్చుంది. చెయ్యి ఆమెతోపాటే వచ్చినట్టుంది. మూడో రాత్రికి తట్టుకోలేక, "అత్తయ్యగారూ, ఆ గాజుగిన్నె పిల్లి పగలగొట్టలేదు... నేనే," అని ఒప్పేసుకుంది.

ఆడపడుచు వచ్చి చూసి గడగడలాడింది. "అమ్మా, ఆ ఆదివారం ఫోన్ వినబడింది. కావాలనే ఎత్తలేదే..."

ఇక కొడుకు. ఆఫీసులో నలభై కంప్యూటర్లు చూసుకునేవాడు. ఒకరోజు ధైర్యం చేసి నోరు విప్పాడు.

"నాన్నగారూ, బహుశా ఆ తీగ..."

"తీగా?" అన్నారు ఇంజినీరుగారు.

నల్ల డబ్బా నుంచి టీవీ దాకా ఆ తీగను స్వయంగా లాగి, జానెడుకో క్లిప్పు కొట్టినది ఆయనే.

"కాదు లెండి," అన్నాడు కొడుకు. "అమ్మే అయి ఉంటుంది."

ఆ ఇంట్లో దెయ్యం ఉందనడానికి అందరికీ ధైర్యం ఉంది. ఇంజినీరుగారి తీగలో లోపముందనడానికే ఎవరికీ లేదు.

చివరికి టీవీలోనే ఏదో ఉందన్న సాకుతో మెకానిక్‌ను పిలిపించారు. అతడు తెర ముందు చతికిలబడి, మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ అక్కడే...

"సార్, ఆవిడ వెనకాల ఏమైందో గమనించారా?"

ఎవరూ గమనించలేదు. ఆవిడను దాటి చూసిన వాళ్ళు ఎవరు గనక?

"సరిగ్గా అప్పుడే ఫౌంటెన్ వదిలారు. ప్రతి బొట్టూ ఓ దారిన పోతుంటే సినిమా బరువు, అంటే టీవీకి చేరాల్సిన సమాచారం, ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ బరువు ఈ దారిన పట్టదు," అంటూనే టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చి —

తీగ పీకేశాడు.

కోడలు కెవ్వుమంది. కొడుకు కళ్ళు మూసుకున్నాడు. దెయ్యానికి కూడా ఆ ఇల్లు అంతగా బెదరలేదు.

"ముప్పై అయిదేళ్ళు తీగలు వేసినవాణ్ణయ్యా," అన్నారు ఇంజినీరుగారు, చాలా మెల్లగా. "ఇప్పుడు గాలిని నమ్మమంటావా?"

"మీ తీగ బంగారం సార్. టీవీ కంపెనీవాడు దాన్ని గుచ్చడానికి పెట్టిన రంధ్రమే ఇరుకు. సెకనుకు వంద మెగాబిట్లు మించి రానివ్వదు. రూటర్ ఇదే గదిలో ఉందిగా, ఈ తీగ కొస దానికి గుచ్చుదాం. అక్కణ్ణుంచి టీవీకి వైఫైలో అయితే ఇంతకు రెండింతలు హాయిగా వస్తుంది."

ఇంజినీరుగారు గోడ వెంట ఉన్న క్లిప్పులన్నిటినీ ఒకసారి కళ్ళతోనే లెక్కపెట్టారు. తర్వాత తెర వైపు చూశారు. ఆవిడ నోరు సగం తెరిచే ఉంది.

"పెట్టు," అన్నారు.

నలభయ్యో నిమిషం... నలభై ఒకటి... ఆవిడ ఇటు తిరిగింది... చెయ్యి లేచింది... వెనక నీళ్ళు ఎగిశాయి —

ఆగలేదు.

వేళ్ళు ముడుచుకుని, విచ్చుకున్నాయి. అది ఎవరినీ చూపిస్తున్న చెయ్యి కాదు. పిలుస్తున్న చెయ్యి.

"ఎంతసేపూ నన్నే తీస్తారేమిటండీ? ఇటొచ్చి నా పక్కన నిలబడండి. ఇందులో మీరెక్కడా లేరు."

వెంటనే కెమెరా వెనక నుంచి ఒక మగగొంతు కసిరింది.

"కదలకు! ఫోకస్ పోతుంది."

ఆవిడ చెయ్యి దించేసింది. చెప్పినట్టే, కదలకుండా నిలబడింది. సినిమా అయిపోయింది.

మెకానిక్ సంచీ సర్దుకుంటుంటే ఇంజినీరుగారు నల్లబడిన తెర ముందు అలాగే నిలబడిపోయారట.

ఆ తర్వాత సంగతులు. సంగతి తనకు మొదటే తెలుసని కొడుకు ఆఫీసులో చెప్పుకుంటున్నాడు. గాజుగిన్నె మాట అనవసరంగా ఒప్పుకున్నానే అని కోడలు ఇప్పటికీ కుమిలిపోతోంది. ఆడపడుచు ప్రతి ఆదివారం తండ్రికి తానే ఫోన్ చేస్తోంది.

ఇంజినీరుగారు మళ్ళీ కెమెరా ముట్టలేదు. ఇంట్లో ఎవరు ఏది తీస్తున్నా, పిలవకముందే వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, బిగుసుకుపోయి నిలబడుతున్నారు. అయితే ఆ ఇంట్లో సరిగ్గా ఫోకస్ పెట్టడం వచ్చినవారు ఆయనొక్కరే.

అందుకే ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ సినిమాలు చూసి, కోడలి దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడుగుతుంటారట —

"అన్నిట్లోనూ పక్కన మసగ్గా నిలబడి ఉన్నారు... ఎవరమ్మా అది?"