జవాబు చెప్పినావిడ

కాగితం గోదాము వెనక సందుకి చెడ్డపేరు వచ్చి పదకొండేళ్ళయింది. పగలు అందులోంచి సైకిళ్ళు పోతాయి, పిల్లలు బంతి ఆడుకుంటారు. పొద్దుగూకిందంటే మాత్రం మీసాలున్న మగాళ్ళు కూడా చుట్టూ తిరిగే పోతారు. పోతూ పోతూ, నడిస్తే మోకాళ్ళకి మంచిదట అంటారు.

ఆ సందులో ఉన్నదల్లా ఒక ఇనుప తలుపు. దానికి అరచేయంత తాళం.

చీకటి పడ్డాక ఆ తాళం కదులుతుంది. టక్... టక్... టక్. తర్వాత ఒక మగ గొంతు, నూతిలోంచి వచ్చినట్టు —

"వేశానా?"

కాసేపటికి ఒక ఆడ గొంతు — "వేశారు."

మళ్ళీ తాళం. మళ్ళీ ప్రశ్న. మళ్ళీ జవాబు.

పూర్వం అక్కడో కాపలావాడు ఉండేవాడట. ఒక రాత్రి తాళం వేయడం మరిచిపోతే ఎవరో లోపలికి దూరి నిప్పు పెట్టారట. ఆర్పబోయి వాడూ పోయాడట. అప్పట్నుంచీ రోజూ వచ్చి తాళం లాగి చూసుకుంటాడు. ఓసారి దారినపోయే ఆవిడ ఎవరో జాలిపడి, "వేశారు లెండి" అందట. అంతే... ఆవిణ్ణి ఇక వదల్లేదు. అందుకే, ఆ గొంతు వినబడితే పలకకూడదు. పలికితే అక్కడే ఉండిపోతారు.

ఇది నాకు చెప్పినావిడ చెప్పినట్టే చెబుతున్నాను. ఆవిడకి జరిగినదీ అలాగే చెబుతాను. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. అందరూ సూదక్క అంటారు. చేతిలో సూది నొప్పి రెండు నిమిషాలు, నోట్లో సూది నొప్పి రెండేళ్ళు అని ఆసుపత్రిలో చెప్పుకుంటారు.

సూదక్క దేన్నీ నమ్మదు. దెయ్యాల్ని అసలు నమ్మదు. ఆ గోదాముకి స్టోర్‌కీపరు ఆవిడ సొంత అన్నయ్యే. "చీకటి పడ్డాక అటు పోకే" అని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు.

"నువ్వు పుట్టు పిరికివాడివిలే అన్నయ్యా" అనేది ఆవిడ.

ఆ నెల పెద్ద రోడ్డు పైపుల కోసం తవ్వేశారు. డ్యూటీ దిగేసరికి ఎనిమిదిన్నర. సందులోంచి పోతే పది నిమిషాలు, చుట్టూ పోతే ముప్పావుగంట. పైగా ఆవిడకి ఒక అనుమానం. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు, ఎవడో దొంగ రోజూ తాళం వాటం చూసుకుంటున్నాడు. గోదాము కొల్లగొడితే పోయేది అన్నయ్య ఉద్యోగం. పట్టుకుని నాలుగు వాయించాలి... అనుకుంది.

ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో టార్చి. టార్చి వెలిగించకుండా నడిచింది.

సందు మొదట్లో ఒక్కటే దీపం. దాని వెలుతురు నాలుగడుగులు వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత గోడ తడుముకుంటూ...

టక్... టక్... టక్.

"వేశానా?"

"వేశారు."

సూదక్క కాళ్ళు ఆగిపోయాయి. శవాల గదిలో ఒంటరిగా కూర్చుని టిఫిను తిన్న మనిషి ఆవిడ. అలాంటిది...

టక్. టక్. టక్.

"వేశానా?" ఈసారి గొంతులో ఏడుపు ఉంది.

"వేశారు." ఈ గొంతులో ఏమీ లేదు. గోడ మాట్లాడినట్టుంది.

దొంగ ఎవరినీ అడగడు కదా! అడిగినా, వాడికి ఎవరు చెబుతారు? ఆ ఆలోచన రాగానే గోడకి అతుక్కుపోయింది. వెనక్కి పరిగెత్తాలి. కాళ్ళు రావు. చేతిలో టార్చి... బొటనవేలు దానంతటదే నొక్కేసింది.

ముసుగులు. రెండు.

ఒకటి నిలబడి ఉంది. ఇంకోటి తలుపు మీదికి వంగి తాళాన్ని రెండు చేతులా పట్టుకుని లాగుతోంది. ఆ కుడిచేతికి కట్టు. నెత్తురు ఊరిన కట్టు. కట్టు చివర చిన్న అడ్డముడి.

ఆ ముడి సూదక్క వేసిందే. మొన్న మంగళవారం, తన చేతులతో. "కాగితం కోసుకుందే" అన్నాడు.

"అన్నయ్యా..."

"లైటు ఆపు!" నిలబడిన ముసుగు గుసగుసలాడింది. వదిన. "మాట్లాడకు. ముప్ఫై ఒకటిలో ఉన్నారు. మధ్యలో ఆగితే మళ్ళీ మొదట్నుంచి."

సూదక్క టార్చి ఆపింది. చీకట్లో నిలబడి మిగతా తొమ్మిదీ విన్నది. తొమ్మిదిసార్లు సొంత అన్న అడగడం. తొమ్మిదిసార్లు వదిన చెప్పడం.

నలభై అయ్యాక ఆయన నేలవంక చూస్తూ అన్నాడు. "వేశానని నాకు తెలుసే. తెలిసినా... నా చెయ్యి నన్ను నమ్మదు. గోదాము తగలబడుతున్నట్టు కళ్ళముందు కనబడుతుంది. నీకు మాత్రం తెలియకూడదనుకున్నాను."

"నాకెందుకు తెలియకూడదు? నేను పనిచేసేది ఆసుపత్రిలో! పదకొండేళ్ళూ నాకు చెప్పలేదేం వదినా? ఊరంతా దెయ్యం దెయ్యం అని..."

"ఆ దెయ్యాన్ని పుట్టించింది నేనే, అమ్మాయ్."

సూదక్క చీకట్లో వదిన ముఖం కోసం వెతికింది.

"కుళాయి దగ్గర ఇద్దరికి చెప్పాను. మిగతాది ఊరే అల్లుకుంది. దెయ్యమంటే జనం దూరంగా పోతారు. పిచ్చి అంటే దగ్గరికొచ్చి చూస్తారు." వదిన గొంతు పెరగలేదు. "నువ్వు అందరికంటే ముందొస్తావు. గుర్తులేదా... మా అమ్మాయి పుట్టినరోజు?"

గుర్తొచ్చింది. గుర్తురాకపోతే బాగుండును.

భోజనాల దగ్గర సూదక్క తమ ఆసుపత్రి చివరి వార్డు కథలు చెప్పింది, మతి చెదిరినవాళ్ళని ఉంచే వార్డు. రోజుకి వందసార్లు చేతులు కడుక్కునే ఒక పంతులమ్మని అభినయించి చూపించింది. వేళ్ళ సందులు తోమడం, వాసన చూసుకోవడం, మళ్ళీ తోమడం. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అన్నయ్యే. నవ్వి, అన్నం సగంలో వదిలేసి లేచి వెళ్ళాడు.

"గ్యాస్, అమ్మాయ్" అని వదిన కూడా వెళ్ళింది. ఆయనకి కడుపులో గ్యాస్ అనుకుంది సూదక్క. వంటింట్లో గ్యాసు పొయ్యి కట్టేశానా లేదా అని ఆయన చూసుకుంటున్నాడని ఇప్పుడు తెలిసింది.

చీకటిగా ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ముఖం ఎక్కడ పెట్టుకునేదో!

మర్నాడు పొద్దున, జనం కిటకిటలాడే వేళ, సూదక్క అన్నయ్యని ఆసుపత్రి ముందు గుమ్మంలోంచే తీసుకొచ్చింది. వెనక మెట్ల దారి ఉంది. అటు పోదామనే ఆయన అడిగాడు. "నేనుండగా వెనకదారెందుకు?" అంది. అన్నదేగాని ఎవరెవరు చూస్తున్నారోనని పక్కచూపులు చూస్తూనే ఉంది.

చివరి వార్డు దగ్గర ఆయా ఎదురొచ్చింది. "ఏంటక్కా, కొత్త సరుకా? ఇదే బాపతా?" అని వేళ్ళ సందులు తోముకుని, వాసన చూసుకుని, కన్ను కొట్టింది.

ఆ అభినయం నేర్పింది ఎవరు? ఆ కన్ను కొట్టడం ఎవరిది?

పేషెంటు బంధువనీ, పక్కింటాయననీ నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గులేని నాలుక! దాన్ని కరుచుకుంది.

"మా అన్నయ్యే. నా తోడబుట్టినవాడు. ఇంకెప్పుడూ ఆ వేషం వేయకు. నేనూ వేయను."

ఆయా ముఖం పాలిపోయింది. అన్నయ్య మాత్రం తల ఎత్తి చెల్లెల్ని చూశాడు. ఆ చూపుని సూదక్క తట్టుకోలేక చీటీ రాయించే వంకతో పక్కకి పోయింది.

డాక్టరమ్మ గంటసేపు కూర్చోబెట్టుకుని విన్నది. ఇది పిచ్చి కాదంది, పిరికితనమూ కాదంది. ఓసీడీ అంటారు, మందులున్నాయి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మందుతోబాటు సాధన ఉంది. లెక్క కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. భయం వస్తే పారిపోకుండా దానితో కూర్చోవాలి. పెరుగుతుంది, పెరుగుతుంది... దానంతటదే దిగుతుంది. అది దిగడం ఆయన కళ్ళారా చూడాలి.

తర్వాత వదిన వైపు తిరిగింది. "మీరు 'వేశారు' అన్నప్పుడల్లా ఆయనకి ఒక్క నిమిషం హాయి. ఆ హాయి కోసం మళ్ళీ అడుగుతారు. ప్రేమతోనే చెప్పారు, తప్పు మీది కాదు. ఇక ఆయనతో ఒప్పందం చేసుకుని, మెల్లమెల్లగా మానేయండి. అడిగినప్పుడు పలక్కూడదు."

వదినా సూదక్కా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊరు చెప్పే మాటా అదే కదా!

నాలుగు నెలలు పట్టింది. నలభై పాతికకి దిగింది. మధ్యలో ఓ వారం ముప్ఫైకి ఎక్కింది. ఆయన ఏడ్చాడు, వదిన తిట్టింది, మళ్ళీ దిగింది. పది. ఆరు. మూడు. డ్యూటీ దిగి సూదక్క రోజూ సందులోకి వచ్చేది. ఎవరు పిలిచారని? ఎవరూ పిలవలేదు.

ఆ రాత్రి ఒప్పందం — ఒక్కసారే. జవాబు లేదు.

టక్.

"వేశానా?"

వదిన పెదవి కొరుక్కుంది. సూదక్క నోట్లో ఆ మాట పొంగుకొచ్చింది. వేశావు అన్నయ్యా, నేను చూశాను, పద. అంతేగా! పద్దెనిమిదేళ్ళు అనకూడనివన్నీ అన్న నోరు, అనాలనిపించిన ఆ ఒక్క మాటని మింగడానికి ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది.

నిశ్శబ్దం. ఆయన చెమటలు కారుతూ నిలబడ్డాడు. ఐదు నిమిషాలు... పది...

సందు మొదట్లో ధడేలుమని చప్పుడు. సైకిలు. ఆ దారినే వస్తూ ప్రశ్న విని, జవాబు రాకపోవడం విని, దాన్ని అక్కడే వదిలేసి ఎవడో ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తుతున్నాడు.

అన్నయ్య తాళం మీదినుంచి చెయ్యి తీశాడు. "రేపు ఊరంతా చెప్పుకుంటారే" అన్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "జవాబు చెప్పినావిణ్ణి దెయ్యం వదిలేసిందట అని."

వదిన పలకలేదు. ముసుగు తీసి భుజాన వేసుకుని ముందు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఆవిడ వెంట పోయాడు.

చివర సూదక్క. తలుపు దాటుతుంటే ఆవిడ చెయ్యి దానంతటదే లేచింది... తాళం వైపు. ఒక్కసారి. నిజంగా పడిందో లేదో ఒక్కసారి చూస్తే...

ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఎవరైనా చూశారేమోనని చీకట్లో నాలుగువైపులా చూసుకుంది.