గంజి పెట్టిన గాలిమర

తెల్లవారేసరికే చౌడయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. యుద్ధం పుణ్యమా అని మూడు నెలలకొక సర్కారు కంట్రోలు నూలు కట్ట, అదీ దక్కితే దక్కినట్టు. ఈసారి దక్కిన కట్ట చీరలకు కాదు, గాలిమర రెక్కలకు. కొడుకు భావనారాయణ పట్టు పట్టాడంటే ఇక అంతే.

ఆ పట్టుకు కారణం వంటింట్లో ఉంది. కోడలు భద్రమ్మకు ఆరో నెల. నూలు కరువై మగ్గాలు పడుకున్నాక, నిరుడు కంకిపాడు పక్కన ఎకరం మెరక కౌలుకు తీసుకుని పసుపు వేశారు. మెరకకు కాలవ నీరు ఎక్కదు. ఇంజను పెడదామంటే కిరసనాయిలు దీపానికే లేదు. భావనారాయణ బావి దగ్గర బాన ముంచుతుంటే భద్రమ్మ ఏతం మాను మీద అటూ ఇటూ నడిచి తొక్కింది. అలా తొక్కే నిరుటి కడుపు పోగొట్టుకుంది. ఊళ్ళో అందరూ అయ్యో అన్నారు గాని, తొక్కుతున్నప్పుడు ఒక్కడూ సాయం రాలేదు.

"ఈ ఏడు నువ్వు ఏతమెక్కావంటే నా మీద ఒట్టే," అన్నాడు భావనారాయణ. బెజవాడలో ఒక దొరగారి తోటలో ఇనప గాలిమర చూసొచ్చాడు. "మనకి ఇనుమెట్లాగూ లేదు. తాటి దూలాలు నిలబెట్టి నాలుగు గుడ్డ రెక్కలు కడదాం. రెక్కలు తిరిగితే, బావిలో దింపే వెదురు పంపు కడ్డీ దానంతటదే ఎక్కిదిగుద్ది. గాలికి కూలివ్వక్కర్లా, ఇవాళ వాడుకుంటే రేపటికి తరిగిపోయేదీ కాదు." తండ్రి వైపు తిరిగి, "గుడ్డ మందంగా నెయ్యాలి నాన్నా. గాలి దూరకూడదు," అన్నాడు.

"నాకు నేత నేర్పుతావంట్రా," అన్నాడు చౌడయ్య తలెత్తకుండానే.

పది రోజులకు గుడ్డ వచ్చింది, అప్పడంలా బిర్రుగా. జ్యేష్ఠమాసంలో పసుపు కొమ్ములు నాటారు. గాలిమర ఇరవై రోజులు తిరిగింది, పంపు ధారగా పోసింది, మొలకలు పచ్చగా లేచాయి. భద్రమ్మ గట్టు మీద చుట్టపుచూపుగా వచ్చినదానిలా కూర్చుని, "చేతులు ఊరికే ఉంటే ఏం తోచటంలేదండీ," అని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విని ఏడాదయింది.

ఆషాఢంలో ఒక సాయంత్రం ఒక్క జల్లు పడింది. చేను సరిగ్గా తడవలేదు గాని రెక్కలు నానిపోయాయి. మర్నాడు గాలి విరగబడి వీచింది, గాలిమర మాత్రం కదల్లేదు. భావనారాయణ ఎక్కి ఒక రెక్క విప్పి ఇంటికి తెచ్చి తండ్రి ముందు పడేశాడు.

"ఇదేంది నాన్నా, దోమతెరా? పోగుకీ పోగుకీ మధ్య వేలు దూరుతోంది."

చౌడయ్య గుడ్డను దగ్గరికి లాక్కున్నాడు. "పల్చగా నేసి గంజి దట్టంగా పట్టించాను. సంతలో చీరలు ఇట్లా ఎన్ని అమ్ముకోలేదు మనం? ఉతికేదాకా ఎవరికీ తెలవదు."

"మిగిలిన నూలేది?"

"రెండు చీరలు నేసి బియ్యం తెచ్చాను. కడుపుతో ఉన్న పిల్ల అంబలి తాగి పడుకుంటుంటే చూడలేకపోయాను."

"బియ్యమా? అది మళ్ళీ ఏతమెక్కకూడదనే కదా నేనింత చేసింది. దాని ప్రాణం నీ చేతుల్లో పెడితే, సంతలో బేరగాణ్ణి మోసం చేసినట్టు నన్నూ చేశావు."

భద్రమ్మ గడపలోంచి అంది, "ఆయన్నెందుకంటారు? రెక్కలు కట్టింది మీరు. నేతగాడి కొడుకై ఉండి, గుడ్డ చేత్తో పడితే తెలవలేదా?"

భావనారాయణకు తెలిసింది. కట్టిన రోజే బొటనవేలికి తెలిసింది. ఆ పూట ఇంట్లో అన్నం ఉడుకుతోంది. బియ్యం ఎక్కడివని అడగకుండా తిన్నాడు. ఎలాగో ఈ పంటదాకా గుడ్డ ఆగుతుందిలే అనుకున్నాడు. అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఎక్కువ తిన్నది నేనే," అంది భద్రమ్మ మెల్లగా. "నేనూ అడగలేదు."

ఆ తరువాత వారం రోజులు చినుకు లేదు. రెక్కలకు మళ్ళీ గంజి పెట్టి చూసినా జారిన పోగులు గాలికి నిలవలేదు, కొత్తగా నెయ్యడానికి నూలు లేదు. పసుపు ఆకులు చుట్టుకుపోయాయి. ఎనిమిదో రోజు పొద్దున్న భద్రమ్మ చేనికి వెళ్ళేసరికి ఏతం మాను మీద మామ చౌడయ్య ఉన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆసరా వెదురు పట్టుకుని నాలుగడుగులు వేసి ఆగి, మళ్ళీ నాలుగడుగులు వేస్తున్నాడు. కింద భావనారాయణ బాన ముంచి, తలెత్తి తండ్రినే చూస్తున్నాడు.

"దిగండి మావయ్యా."

"నువ్వెక్కకూడదమ్మా."

"నేనెక్కను. మీరూ ఎక్కొద్దు." మొగుడి వైపు తిరిగింది. "చేను ఎండితే ఎండనివ్వండి. బెజవాడ పోయి కూలి చేసుకుందాం, కూలి దొరక్కపోతే అడుక్కుందాం. ఒక బిడ్డని ఈ నీళ్ళకిచ్చాను. ఇంకొకళ్ళని ఇవ్వను, మావయ్యనైనా సరే."

భావనారాయణ బాన వదిలేశాడు. పైకెక్కి తండ్రిని రెండు చేతులా పట్టుకుని దించాడు. "తప్పు నాదిరా," అన్నాడు ముసలాయన. "ఇద్దరిదీను," అన్నాడు కొడుకు, చెయ్యి వదలకుండా.

ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. బావిలో నీళ్ళున్నాయి. గాలి బాగా వీస్తోంది. ఎండ ఎక్కే కొద్దీ మొక్కలు ఒక్కొక్కటే వాలిపోతుంటే, ఎవరూ లేవలేదు.