చేతులు జేబుల్లో

ఆదివారం సాయంత్రం. సన్నగా వాన పడుతోంది. స్కూలు మైదానంలో ఆరుగురు పిల్లలు ఒక డేరాతో కుస్తీ పడుతున్నారు. ప్రస్తుతానికి డేరాదే పైచేయి. వాళ్లకు నాలుగడుగుల దూరంలో స్కౌట్ మాస్టారు, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, సినిమా చూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఆమె వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. అక్క కూతుర్ని ఇంటికి తీసుకెళ్దామని వస్తే, ఆ పిల్ల తడిసి ముద్దయి, చేతికందని తాడు కోసం ఎగురుతోంది. ఆమె గొడుగు పక్కన పడేసి తాడు పట్టుకోబోయింది.

"పట్టుకోకండి," అన్నాడతను.

"పిల్లలు నానిపోతున్నారు. మీకు చేతులు లేవా?"

"ఉన్నాయండీ. అందుకే జేబుల్లో పెట్టుకున్నాను."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఇలా నిలబడ్డానికి జీతం కూడా ఇస్తారా?"

"జీతమేం లేదు. వారమంతా లిఫ్టులు రిపేరు చేస్తాను. ఆదివారాలు ఇక్కడికి ఊరికే వస్తాను."

"ఊరికే వచ్చారని చూస్తేనే తెలుస్తోంది."

ఆ మాటకి అతను నొచ్చుకోలేదు. ఈలోగా పిల్లలు ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి, తాడు లాగి, డేరాని ఎలాగో నిలబెట్టారు. కాస్త వంకరగానే నిలబడింది. అక్క కూతురు బురద కాళ్లతో పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ, ఆ మూల ముడి నేనే వేశా." ఇంట్లో అన్నం తినడానికి కూడా బతిమాలించుకునే పిల్ల మొహంలో అంత వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నేను కడితే ఇంకా తిన్నగా ఉండేది," అన్నాడతను మెల్లగా. "కానీ ఆ మొహం ఉండేది కాదు."

"మరి వాళ్లే సాయం అడిగితే?"

"అడిగిన మరుక్షణం చేతులు బయటికొస్తాయి. అడిగినా ఊరుకుంటే అది నేర్పడం కాదండీ, పొగరు."

ఆ తర్వాత కొంచెం సిగ్గుపడుతూ ఇంకో సంగతి చెప్పాడు. "చూస్తూ ఊరుకోవడం తేలికనుకుంటారు గానీ, జేబుల్లో పిడికిళ్లు ఊరుకోవు. మా దర్జీ వెళ్లినప్పుడల్లా తిట్టిపోస్తాడు, జేబుల్లో రాళ్లు మోస్తున్నావా అని. డేరా వేసిన ప్రతిసారీ ఒక జేబు చిరుగుతుంది."

ఆమెకు నవ్వొచ్చింది. కోపంగా ఇంటికి వెళ్దామనుకున్న మనిషి నవ్వుతూ వెళ్లింది.

పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలని స్కౌట్ల నియమం. రెండో పెద్దమనిషి రిటైరయిన పోస్ట్‌మాన్. మోకాళ్ల నొప్పులతో ఆయన మానేస్తానంటే ఆ స్థానంలోకి ఆమె వచ్చింది, ఒక నెలకని. వానాకాలం వెళ్లిపోయి చలికాలం వచ్చినా ఆ నెల పూర్తికాలేదు.

"నా డ్రెస్సుకి జేబుల్లేవు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?" అని మొదటిరోజే అడిగింది.

"అలవాటవుతుందిలెండి."

అలవాటు కాలేదు. ముడి జారినప్పుడల్లా ఆమె ముందుకు కదిలేది. అతను "మేడమ్" అనేవాడు. ఆమె ఆగేది. ఫ్లాస్కులో టీ తెచ్చేది. అతను కప్పులు కడిగేవాడు. ఇద్దరి మధ్యా ఏదో ఉందని పిల్లలకు తెలుసు, అప్పుడప్పుడు వచ్చి చూసిపోయే పోస్ట్‌మాన్‌కు తెలుసు, వాళ్లిద్దరికీ తెలుసు. పైకి చెప్పుకోలేదంతే.

ఒక ఆదివారం, పిల్లలు డేరా బట్ట మడతలు విప్పుతుండగా ఆమె అంది, "మా ల్యాబువాళ్లు వేరే ఊళ్లో బ్రాంచి పెడుతున్నారు. ఏడాదిపాటు నన్ను ఇన్‌ఛార్జిగా వెళ్లమంటున్నారు. రేపు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. నన్నేం చెయ్యమంటారు?"

అతని చేతులు వాటంతటవే జేబుల్లోకి వెళ్లిపోయాయి.

"మంచి అవకాశమండీ. మీరే నిర్ణయించుకోవాలి."

"అంతేనా?"

"అంతే."

ఆమె మొహం వాడిపోయింది. ఫ్లాస్కు మూత బిగించి సంచిలో పెట్టుకుంది. ఇక వెళ్లి పిల్లల దగ్గర నిలబడదామని అటు తిరిగింది.

వెనక 'పర్'మని చప్పుడైంది. అతని జేబులోని విజిల్ ప్యాంటు కాలులోంచి జారి, బూటుమీద పడి, గడ్డిలో దొర్లి ఆమె దగ్గర ఆగింది.

ఆమె వంగి దాన్ని తీసుకుంది. అతని జేబుకేసి చూసింది.

"ఇవాళ డేరా ఇంకా మొదలే పెట్టలేదు కదా. జేబెందుకు చిరిగింది?"

అతను బూటుకేసి చూశాడు.

"నేను అడిగాను. నోరు తెరిచి అడిగాను. అడిగినా ఊరుకుంటే దాన్నేమంటారో మీరే చెప్పారు."

"పొగరు," అన్నాడు తలదించుకుని. "కానీ ఇది పొగరు కాదండీ, భయం. మీకు అడ్డం పడతానేమోనని."

చేతులు బయటికి తీశాడు. వాటినేం చెయ్యాలో అతనికి తోచలేదు.

"వెళ్లండి. ఆ పని మీకంటే బాగా ఎవరూ చెయ్యలేరు. కానీ మీరు లేని ఆదివారం తలుచుకుంటేనే నాకు దిగులుగా ఉంది. వెళ్లేముందు ఒకసారి మా అమ్మ దగ్గరికి రండి. మనం పెళ్లి చేసుకుంటున్నామని ఆవిడకి చెప్పాలి. అంటే, ముందు మీకు చెప్పాలనుకోండి."

"ఇది చెప్పినట్టేనా?"

"చెప్పినట్టే."

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది. విజిల్ అతనికి తిరిగి ఇవ్వలేదు. "శనివారం రాత్రి బస్సుకి వచ్చేస్తుంటాను. డేరా దగ్గర ఇద్దరు పెద్దవాళ్లుండాలి కదా. ఇక మీ అమ్మగారికి ఏం చెప్పాలో మీరే చెప్పండి, నేను పక్కన నిలబడతాను."

అంతలో అటు డేరా సగం లేచి, ఊగి, పిల్లలందరిమీదా కూలింది. బట్ట కింద నుంచి అక్క కూతురు కేక వినిపించింది. "ఏం కాలేదు పిన్నీ, రావద్దు."

ఆమె కాలు అప్పటికే ముందుకు పడింది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వదలండి, పాపం వాళ్లు..."

"అడగలేదు కదా. పైగా మీకు జేబుల్లేవు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ సాయంత్రం డేరా చాలాసేపటికి గాని నిలబడలేదు. ఇద్దరిలో ఎవరికీ తొందరలేదు.