వెనక నిలబడ్డ ఆటగాడు

సముద్రం ఒడ్డున ఉన్న ఆ గోల్ఫ్ మైదానంలో పదకొండో హోల్‌కి మంచి పేరు లేదు. తాతల కాలం నాటి మైదానం అది. తుఫానులకు ఇసుక కప్పేస్తే అలాగే వదిలేశారు. ఈమధ్య రిసార్టు వాళ్లు పాత ఫొటోలు ముందు పెట్టుకుని ఉన్నదున్నట్టు మళ్లీ నిలబెట్టారు — ఆ పదకొండోదానితో సహా. దాన్నొక్కదాన్ని ఇసుకలోనే ఉంచాల్సింది అంటారు ఇప్పుడు.

ఎందుకంటే... పొగమంచు పడితే అక్కడ మన వెనక ఒకాయన వచ్చి నిలబడతాడట.

బంతి పోయి వెతుక్కునేవాళ్లు వెనకవాళ్లకు చెయ్యి ఊపి దారివ్వడం ఆ ఆటలో మర్యాద. పాత రోజుల్లో, ఆయన బతికుండగా, ఎవరో అలాగే ఆయనకు దారిచ్చారు. ముందు రోజు వానకు, హోల్ గుంటలో పాతిన జెండా పక్కన గట్టు విరిగి సముద్రంలో పడిందని వాళ్లకు తెలియదు. ఆయన టోపీ ఎత్తి థాంక్స్ చెప్పి, మంచులోకి నడిచి వెళ్లాడు. అంతే. మళ్లీ కనబడలేదు.

ఆడడానికొచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్లకు ఈ సంగతి క్లబ్‌లో టీ ఇచ్చే ఆవిడ చెప్పింది. "ఆయన ఎంతసేపు నిలబడినా సరే, చెయ్యి మాత్రం ఊపకండమ్మా."

"మా చెల్లి ఆట చూస్తే దెయ్యానికైనా విసుగొచ్చి ఇంటికి పోతుందిలే," అంది అక్క.

చెల్లెలు పళ్ల డాక్టరు. అక్క లెక్కల లెక్చరర్‌గా రిటైరైంది. కంటికి ఆపరేషనై నెల కూడా కాలేదు, వెలుతురు తగ్గితే మనిషిని పోల్చుకోవడమే కష్టం. బావ వద్దంటే చెల్లెలే పూచీపడి తీసుకొచ్చింది.

పదకొండో హోల్ చేరేసరికి పొద్దు వాలింది. సముద్రం మీంచి మంచు తెరలు తెరలుగా పైకొచ్చింది. అక్క కొట్టిన బంతి ఎడమ పక్క ఏపుగా పెరిగిన గడ్డిలో పడింది.

"వదిలెయ్యక్కా. ఇంకోటి ఇస్తాను."

"నా బంతి నాకు కావాలి. నోరు మూసుకుని వెతుకు." అక్క గడ్డిలోకి దిగిపోయింది.

చెల్లెలు వెతుకుతూ వెనక్కి చూసింది.

తాము ఇందాక బంతి కొట్టిన చోట ఎవరో ఒంటరిగా నిలబడి ఉన్నారు. కర్ర నేలకు ఆనించి... కదలకుండా. తమ కోసమే ఆగినట్టు.

పాపం అనిపించింది. ఇరవై ఏళ్ల అలవాటు... ఆలోచన వచ్చేలోపే చెయ్యి లేచింది. రండి, దాటి వెళ్లండి — అని ఊపేసింది.

ఊపాక గుర్తొచ్చింది.

బంతి కొట్టిన చప్పుడు లేదు. అడుగుల చప్పుడూ లేదు. కాసేపటికి ఆయన పక్కనుంచే వెళ్లాడు — తల వంచుకుని, టోపీ ఎత్తి. టోపీ అంచునుంచి నీళ్లు కారుతున్నాయి.

జెండా దగ్గర ఆయన ఆగాడు. వెనక్కి తిరిగాడు.

చెయ్యి ఎత్తి... నెమ్మదిగా ఊపాడు. రండి, దాటి వెళ్లండి.

చెల్లెలికి కాదు. గడ్డిలో ఉన్న అక్కకి.

"అయ్యో, వస్తున్నామండీ," అంది అక్క, మర్యాదగా. "బంతి దొరికిందే, రా. ఆయనెవరో దారిస్తున్నాడు."

"అక్కా... కదలకు."

"ఎంతసేపని నిలబెడతావే పెద్దాయన్ని?" గొంతు ముందుకు జరిగింది. జెండా వైపు.

చెల్లెలు పరుగెత్తింది. మంచు ఇంకా చిక్కబడింది, ఏమీ కనబడదు. కింద అలల హోరు. రెండు చేతులూ చాచి తడుముకుంటూ పోయింది... వేళ్లకు ఒక చెయ్యి తగిలింది. పట్టుకుంది. వెనక్కి గుంజింది. ఇక వదల్లేదు.

"చెబితే వినవేం? నీకేమన్నా అయితే బావకి నా మొహం ఎలా చూపించను?" ఏడుస్తూ, తిడుతూ, లాక్కుంటూ నడిచింది. ఆ చెయ్యి బుద్ధిగా వెంట వచ్చింది. చల్లగా ఉంది. ఈ మంచులో ఎవరి చెయ్యైనా అంతేగా అనుకుంది. క్లబ్ దీపాలు మసకగా కనిపించాయి. గుండె కుదుటపడింది.

అప్పుడు వెనకనుంచి — సముద్రం వైపునుంచి — అక్క పిలిచింది.

"ఎక్కడికి పోతున్నావే నన్నొదిలేసి? నేనింకా ఇక్కడే ఉన్నాను... కాళ్లకింద నేల జారుతోందే."

చెల్లెలు చెయ్యి విదిలించుకోబోయింది.

పట్టు బిగిసింది.