బావ గొంతున్న డిస్కు

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని వీధంతా ఫార్మాట్ అనే పిలుస్తుంది. అది కష్టపడి సంపాదించుకున్న బిరుదు. ఏ జబ్బుతో వచ్చిన మిషన్‌కైనా అతని దగ్గర ఒకటే మందు: ఉన్నదంతా చెరిపెయ్యడం, మొదట్నుంచీ మళ్లీ ఎక్కించడం. తలనొప్పికి తల తీసే వైద్యం నాది అని తనమీద తనే జోకేసుకునేవాడు, నవ్వడానికి ఎదురుగా ఎవరూ లేకపోయినా. పెళ్లి కాలేదు. షాపు వెనక గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. రెండో కుర్చీ అవసరం ఎప్పుడూ రాలేదు. వారానికోసారి ఫోన్ మోగిందంటే అది అక్కే.

ఆ అక్క మిట్టమధ్యాహ్నం ఒక పాత కంప్యూటర్ తెచ్చి బల్లమీద పెట్టింది. నిరుడు పోయిన బావది. పోయే ముందు వారం రోజులూ ఆవిడ కోసం తన గొంతు అందులో రికార్డు చేసిపెట్టాడట. నెల్లాళ్లుగా మిషన్ తెరుచుకోవడం లేదట. ఇంకెక్కడా కాపీ లేదట. ఐదింటికి వస్తానని లేచి, గుమ్మం దగ్గర ఆగింది.

"ఒరేయ్, మిగతావన్నీ పోయినా పోనీ. ఆ గొంతొక్కటీ నాకుంచరా."

అలాగేనన్నాడు. పదిహేనేళ్లనాటి సిస్టమ్. సీడీ పెట్టాడు. నీలం తెర వచ్చింది. చెయ్యి దాని దారిన అది మీటలు నొక్కుతూ పోయింది, అదివరకు కొన్ని వేలసార్లు నొక్కినట్టే. చెరిపేత ఎంతవరకొచ్చిందో చూపించే పసుపు గీత సగం దాటాక గానీ బుర్ర చేతిని అందుకోలేదు.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. ఇక్కడ కడుక్కోవడానికి నీళ్లే లేవు. డిస్కు ఊడదీసి, పోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్లన్నీ దానిమీద ప్రయోగించాడు. ఒక్క ఫైలూ దొరకలేదు. ఈ సంగతి తెలిస్తే వారానికొక్క ఫోనూ ఇక మోగదు.

కనీసం మిషన్ అయినా బతికుండాలని సిస్టమ్ మళ్లీ ఎక్కించాడు. శబ్దం రాలేదు. శబ్దం పలికించే డ్రైవర్ ప్రోగ్రాం ఏదీ కుదరలేదు. చివరికి అందులోనే ఉండే సహాయం పేజీ తెరిచాడు. అది ఒక్కో ప్రశ్నే అడుగుతుంది, మనం అవుననో కాదనో నొక్కాలి.

స్పీకర్ల వైరు పెట్టారా? అవును.

శబ్దం బాగా తగ్గించి ఉందా? కాదు.

గదిలో మీరు ఒక్కరేనా?

అతనికి నవ్వొచ్చింది. రాసినవాడెవడో నిద్రమత్తులో రాసుంటాడు. అయినా పదేళ్లలో తనని ఆ మాట అడిగిన ప్రాణి ఇదొక్కటే. అవును నొక్కాడు.

అక్కకి చెప్పారా?

వేలు మౌస్ మీద ఆగిపోయింది. వీధిలో బండ్ల చప్పుడు లేదు. ఫ్యాను తిరుగుతోంది... గాలి లేదు. ఎక్కణ్నుంచో మందుల వాసన. బావ ఆఖరి వారం పడుకున్న గదిలో వేసిన వాసనే.

తెర ఆపేసి షాపు మెట్లమీద కూర్చున్నాడు. అక్క రాగానే నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. ఆ మాటలు కూర్చుకుంటూ ఉండగానే ఆవిడ వచ్చి, అతన్ని దాటుకుని లోపలికి వెళ్లింది.

అతను వెనకాలే వెళ్లేసరికి తెర వెలుగుతోంది. అక్క కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఒక్క మాట..."

ఆగమన్నట్టు వేలెత్తింది. ఊఁ కొడుతోంది. తిన్నానంటోంది. మాత్ర వేసుకున్నానంటోంది. హెడ్‌ఫోన్స్ వైరు చివర కుర్చీ పక్కన గాల్లో వేలాడుతోంది. ఎక్కడా గుచ్చలేదు.

"చెరిపేశావట కదరా," అంది, అతనివైపు చూడకుండానే.

అతను వేలాడుతున్న వైరు చివర పట్టుకుని చూశాడు.

"మీ బావ కోప్పడ్డం లేదులే. మంచి పనే చేశావంటున్నారు. ఇప్పుడు లోపల బోలెడు చోటుందట."

తెరమీద డిస్కులో చోటు చూపించే గుండ్రటి బొమ్మ ఉంది. ఖాళీ అంతా గులాబీ రంగు, నిండింది నీలం. అక్క మాట్లాడే ఒక్కో మాటకీ నీలం కొంచెం గులాబీలోకి జరుగుతోంది. అక్క గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టుంది... తర్వాత వీధి అవతల్నుంచి...

"తీసెయ్యక్కా," అన్నాడు గుసగుసగా.

ఆవిడ పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు.

నెమ్మదిగా హెడ్‌ఫోన్స్ తీసింది. నవ్వుతూ, రెండు చేతులతో అతనికి అందించింది.

బొమ్మలో గులాబీ రంగు ఇంకా సన్నటి ముక్క మిగిలింది. ఒక్క మనిషికి సరిపోయేంత.