వడ్రంగి ఇంటి వీధి తలుపు

పొద్దున ఎనిమిదింటికి పెద్దమ్మాయి వీధి తలుపుని భుజంతో మూడోసారి గుద్దింది. నాలుగో గుద్దుకి అది కిర్రుమంటూ తెరుచుకుంది. ఫ్లాస్కులో కాఫీ సగం ఆమె బట్టల మీదే ఒలికింది.

"నాన్నా! ఈ తలుపుకి ఒక్కసారి చిత్రిక పట్టమని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. వినిపిస్తోందా?"

నలభై ఏళ్లు ఊరందరికీ తలుపులు చేసిపెట్టిన ఆ పెద్దమనిషి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని అట్టపెట్టెకి తాడు కడుతున్నాడు.

"వానకి చెక్క ఉబ్బిందిలే."

"వానలు పోయి నాలుగు నెలలైంది!"

ఆయన తాడుకి ఇంకో ముడి వేశాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!

అమ్మకి మతిమరుపు ముదిరి, కాళ్లు కూడా పట్టుతప్పాక, రెండు నెలల కిందట వృద్ధుల హోమ్‌లో చేర్చారు. ఇక ఎప్పటికీ అక్కడే. ఇల్లు అమ్మితేనే అక్కడి ఖర్చు గడుస్తుంది. నాన్న కూతురి దగ్గరికి వచ్చేస్తాడు. అంతా మాట్లాడుకున్నదే. కానీ ఇల్లు చూడ్డానికొచ్చిన ఇద్దరూ మొహం చాటేశారు. ఇవాళ మూడో బేరం, లెక్కల మాస్టారు.

మాస్టారు పదింటికల్లా వచ్చాడు. తలుపు తోశాడు, రాలేదు. గట్టిగా తోశాడు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, గోడని కిందనుంచి పైదాకా చూశాడు.

"తలుపు ఇంతలా బిగిసిందంటే గోడ కుంగినట్టేనండీ. పునాదిలో ఏదో లోపముంది. వచ్చే వారం చెబుతాం."

వచ్చే వారం చెబుతామంటే ఏమిటో పెద్దమ్మాయికి ఇప్పటికే రెండుసార్లు తెలిసొచ్చింది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తండ్రి మీద విరుచుకుపడింది.

"వచ్చే నెలకల్లా హోమ్ వాళ్లకి డబ్బు కట్టకపోతే అమ్మని తీసుకుపొమ్మన్నారు, తెలుసా? మంచం మీంచి ఆమెని నువ్వు లేపగలవా? నేను ఉద్యోగం మానుకోనా? నీకు ఇల్లు అమ్మడం ఇష్టం లేదు. ఆ ముక్క నోరు తెరిచి చెప్పు, చాలు! తల ప్రాణం తోకకొస్తోంది నాకు!"

"పునాది కుంగలేదు," అన్నాడు తండ్రి నెమ్మదిగా.

"మరేంటి?"

ఆయన లేచి వచ్చి ద్వారబంధం పైచెక్క మీద వేలు పెట్టాడు. "ఇక్కడ సన్న బద్ద కొట్టి పైన రంగేశాను. నేనే."

"నువ్వా! ఎందుకు?"

"మీ అమ్మ రెండుసార్లు వీధిలోకెళ్లి తప్పిపోయింది కదా. గొళ్లెం పెడితే తీసేసేది. తాళం వేస్తే, నన్నెందుకు బంధించావని ఏడ్చేది. అందుకని తలుపే బిగించాను. అప్పుడు ఏడవలేదమ్మా. 'చేతకాని వడ్రంగీ' అని నన్ను తిట్టేది. తిడితే పర్లేదు. ఏడుస్తుంటే చూడలేకపోయాను."

పెద్దమ్మాయి ఆ బద్దని వేలితో తడిమింది. ఏడాదిగా తనూ అదే మాటతో ఆయన్ని దెప్పుతోంది.

"మాకెందుకు చెప్పలేదు?"

"మీ అమ్మని లోపలుంచి తలుపు బిగించానని మీకెలా చెప్పను?"

"సరే, ఇప్పుడు అమ్మ ఇక్కడ లేదుగా. తీసెయ్యొచ్చుగా?"

"తీస్తే..." ఆయన చేతులకేసి చూసుకున్నాడు. "ఇక రాదని నేనే ఒప్పుకున్నట్టు కదా."

"ముందే చెబితే నీ సొమ్మేం పోయింది నాన్నా!" అని అరిచింది, అరుస్తూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే వెళ్లి ఆయన పనిముట్ల సంచి తెచ్చి ముందు పెట్టింది.

తండ్రి ఉలితో బద్దని ఊడదీశాడు. తలుపు అంచుకి చిత్రిక పట్టాడు. సాయంత్రం కబురందుకుని మాస్టారు మళ్లీ వచ్చాడు. సంగతంతా విని, తలుపుని అయిదారుసార్లు తీసి వేసి, గోడలన్నీ తట్టి చూసి, సరేనన్నాడు.

తాళాలు అప్పగించే ముందు ఆదివారం, హోమ్ వాళ్ల బండిలో అమ్మని ఒక పూటకి తీసుకొచ్చారు. చక్రాల కుర్చీని గుమ్మం దాకా పెద్దమ్మాయే తోసింది. నెలరోజులుగా అమ్మ ఎవరినీ పోల్చుకోవడం లేదు. గుమ్మం చూడగానే మాత్రం చెయ్యి చాచి, బలమంతా కూడదీసుకుని తలుపుని తోసింది. అది చప్పుడైనా చెయ్యకుండా బార్లా తెరుచుకుంది.

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తర్వాత మెల్లగా తల తిప్పి భర్తకేసి చూసింది.

"ఇన్నాళ్లకి కుదిరిందా నీకు? ఊరందరి తలుపులూ చేస్తావు, ఇంటి తలుపు దగ్గరికొచ్చేసరికి తీరికుండదు. చేతకాని వడ్రంగీ!"

తండ్రి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"ఇంకో రెండు తిట్టవే," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.