కాకిగూడ గని దగ్గర దొంగ దీపం

"హత్య జరిగింది చీకట్లో కాదు, అంబదాస్. పట్టపగల్లాంటి ఫ్లడ్ లైటు కింద!" చీఫ్ ఫోటో ఒకటి బల్ల మీద పడేశాడు.

ఫోటోలో ఉన్నది మొండయ్య, కాకిగూడ బొగ్గుగని వాచ్‌మన్. గనిలో పేల్చే మందుగుండును దాచే మ్యాగజైన్ గేటు దగ్గర కత్తిపోటుకు బలయ్యాడు. పది గజాల దూరంలో ఉన్న గార్డులకు ఏమీ కనపడలేదట.

"విదేశీ ముఠా మ్యాగజైన్ పేల్చబోతోంది. గోడ అవతలే కూలీల ఇళ్ళు. ముఠాలో మన మనిషి ఒకతి ఉంది. మిస్ షీలా. అక్కడ లైట్ల కంపెనీ ప్రతినిధి వేషంలో ఉంది. నువ్వు లైటింగ్ ఇన్‌స్పెక్టర్ వేషం వేసుకో. వెళ్ళు."

సాయంత్రానికి అంబదాస్ కాకిగూడలో జీపు దిగాడు. తల మీదికి నెట్టిన నల్ల కళ్ళద్దాలు, సిల్కు చీర, పెదవుల మీద నవ్వు. షీలా ఎదురొచ్చింది.

"కొండగట్టు బస్సు ఎప్పుడు?" అన్నాడు.

"బస్సు పోయింది. కోతులు మిగిలాయి."

కోడ్ సరిపోయింది. "గేటు లైటు మా కంపెనీదే. ఇంకో పెద్ద లైటు పెడితే చాలు" అందామె.

గేటు దగ్గర చంటిపిల్లను చంకనేసుకుని మొండయ్య భార్య కొమురవ్వ నిలబడి ఉంది.

"గంత లైటు కింద మా ఆయనను పొడిచిండ్రు. ఒక్కనికి కనవడలేదట! దీపం గుడ్డిదా సారూ, మీరు గుడ్డోల్లా?"

"ఇక్కడ ప్రమాదం, అమ్మా. కొన్నాళ్ళు ఊరు విడిచి..."

"ఏడికి పోను? వానికి భయపడి పిల్లనెత్తుకొని ఉరకాల్నా? నా ఇంట్ల చీపురున్నది. రమ్మను!"

చీకటి పడగానే అంబదాస్ వెళ్ళి గార్డు భూమన్న నిలబడే చోట నిలబడ్డాడు. ఫ్లడ్ లైటు నేరుగా కళ్ళల్లో గుచ్చుకుంది. దీపస్తంభం వెనక అంతా కాటుక. జేబులోంచి వెలుగు కొలిచే అగ్గిపెట్టెంత లైట్ మీటర్ తీసి ఆ చీకటి వైపు పట్టాడు. ముల్లు కదలనే లేదు.

ఇంత వెలుగూ గార్డు కళ్ళు కప్పడానికే!

"భూమన్నా, దీపం బిగించిన క్లాంపు వదులు చెయ్యి. దీపాన్ని కిందికి వంచు. పైన రేకు మూత పెట్టు. కంచె వెంబడి చిన్న బల్బులు చాలు."

"ప్లాన్ మార్చే అధికారం నీకు లేదు" అంది షీలా. నవ్వు మాయమైంది.

"ప్లాన్ ఎవరిది?"

అంతలో గని సైరన్ మోగింది. షిఫ్టు దిగిన కూలీలు తల దీపాలతో గేటు పక్కగా వస్తున్నారు. గార్డు భూమన్న దగ్గరికి రాగానే ప్రతి ఒక్కడూ తల పక్కకు తిప్పుకుని పోతున్నాడు. ఎదుటివాడి కళ్ళల్లో దీపం కొట్టడం గనిలో పెద్ద తప్పు. ఒక్కడు మాత్రం తిప్పలేదు. తిన్నగా భూమన్న కళ్ళల్లోకే కొట్టాడు.

"ఎవడ్రా నువ్వు? గనిల దిగిన మొకమేనా గిది?" భూమన్న లాఠీ లేచింది. వాడు కూలాడు. వాడి టిఫిన్ డబ్బాను అంబదాస్ అందుకున్నాడు. లోపల టిక్... టిక్...

"గేటు లోపలికి విసురు!" షీలా చేతిలో పిస్టల్. "లేదా కాలుస్తా."

"కాల్చు. పక్కింట్లో పిల్లలున్నారు. విసరను." కనుసన్న చేశాడు. "భూమన్నా, దీపం!"

క్లాంపు వదులైన దీపాన్ని భూమన్న గిర్రున తిప్పాడు. వెలుగు షీలా ముఖాన పడింది. గుండు గాలిలోకి పోయింది. ఆమె కళ్ళు నలుపుకునేలోగా, ఇంట్లోంచి ఉరికొచ్చిన కొమురవ్వ చీపురుతో పిస్టల్ కింద పడగొట్టింది.

అంబదాస్ డబ్బా మూత తీసి లోపలి వైరు లాగాడు. గడియారం ముల్లు ఎర్ర గీతను తాకబోతూ ఆగింది.

మర్నాడు హైదరాబాద్ నుంచి చీఫ్ ఫోన్. "సాక్ష్యంగా ఆ ఫ్లడ్ లైటు కావాలి. ఎక్కడుంది?"

"కూలీల సందులో కట్టించాను సార్. ఇన్నేళ్ళుగా అక్కడ ఒక్క బల్బు కూడా లేదు."

"అది కోర్టు సొత్తయ్యా! ఎవరైనా ఎత్తుకుపోతే?"

"దాని కింద కొమురవ్వ బియ్యంలో రాళ్ళేరుతోంది సార్. అంతకంటే గట్టి కాపలా మన డిపార్ట్‌మెంట్‌లో లేదు."